అలలకా, చేపలకా, పగడాలకా? తీరంలో ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

తీరం కోసుకుపోవడం, వలలో చేప తగ్గడం, పగడపు దిబ్బ పాడైపోవడం చాలాచోట్ల ఒకేసారి కనిపిస్తాయి. అందుకే మూడింటికీ కలిపి ఒకే పరిష్కారం చూపించే ప్రతిపాదనలు వస్తుంటాయి. సముద్రంలో కాంక్రీట్ దిమ్మెలు దించితే చాలు, అలల జోరు తగ్గుతుంది, చేపలు చేరతాయి, దిమ్మెల మీద పగడాలు కూడా పెంచుకోవచ్చు అంటారు. స్థానిక సంస్థ దగ్గరో, మత్స్యకారుల సంఘం దగ్గరో ఉన్న నిధులు ఒక్కసారికే సరిపోతాయి కాబట్టి మూడూ వస్తాయన్న మాటకు మొగ్గడం సహజమే.

నా సలహా వేరు. ఒక్క పనిని ప్రధానంగా పెట్టుకోండి. మిగతా రెండూ వస్తే మంచిదే, రాకపోయినా పెట్టిన ఖర్చు వృథా కాలేదు అనుకునేలా డిజైన్ చేయించండి. అలను ఆపే కట్టడానికి ఉండాల్సిన లక్షణాలు వేరు, చేపకు నివాసమయ్యే కట్టడానికి ఉండాల్సినవి వేరు, పగడం బతకడానికి కావలసినవి వేరు. చాలాసార్లు అవి ఒకదానికొకటి పొసగవు.

అల విరగాలంటే కట్టడం పైభాగం నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి, వెడల్పుగా ఉండాలి, పొడవుగా సాగాలి. సహజమైన పగడపు దిబ్బ చేసే పని ఇదే. 2014లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం పగడపు దిబ్బలు అలల శక్తిని సగటున 97% తగ్గిస్తాయి. అందులో ఎక్కువ పని దిబ్బ నెత్తి మీదే జరుగుతుంది. అల మొదట విరిగే ఆ ఎత్తైన అంచు ఒక్కటే 86% శక్తిని తినేస్తుంది. చేపకు కావలసింది అలల హోరు లేని లోతు, రకరకాల సైజుల బొరియలు, దిమ్మెకూ దిమ్మెకూ మధ్య తిరగడానికి ఖాళీ. పగడానికేమో వెలుతురు, బురద లేని నీరు, గట్టి నేల, మంచి నీటి కదలిక అవసరం. అయితే కొత్తగా అతికించిన ముక్క విరిగిపోయేంత దెబ్బ మాత్రం తగలకూడదు. అల బలంగా విరిగే చోటే పగడం ముక్కలు నాటి, అక్కడే చేపలు కాపురం ఉండాలని కోరుకుంటే మూడు పనులూ అరకొరగానే మిగులుతాయి.

కారణం తేలకుండా ఎంపిక లేదు

ఏ పద్ధతి మంచిదని అడిగే ముందు నష్టం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. ఇక్కడ పొరబడితే ఎంత మంచి ఇంజనీర్ వచ్చినా లాభం ఉండదు.

తీరం కోతకు నాలుగైదు వేర్వేరు కారణాలు ఉంటాయి. తీరం వెంబడి అలలతో పాటు ఇసుక నడుస్తూ ఉంటుంది. ఆ దారిలో ఓడరేవు గోడ అడ్డొస్తే ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క తీరం తరిగిపోతుంది. నదుల మీద ఆనకట్టలు కడితే సముద్రానికి చేరాల్సిన ఇసుక పైనే ఆగిపోతుంది. భూగర్భ జలాలు ఎక్కువగా తోడితే నేలే కుంగుతుంది. కాపలాగా ఉన్న దిబ్బనో మడ అడవినో మనమే తీసేసి ఉండొచ్చు. వీటన్నిటి మీదా సముద్ర మట్టం పెరగడం అదనపు భారం.

పుదుచ్చేరిది మొదటి రకం. 1980ల్లో రేవు కోసం కట్టిన గోడలు ఉత్తరానికి వెళ్లే ఇసుకను ఆపేశాయి. నగరం ముందున్న బీచ్ పోయి రాళ్ల కట్ట మిగిలింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ నీటిలో మునిగి ఉండే ఉక్కు దిబ్బను దించి, దానికి తోడు ఇసుక కూడా పోయించాక బీచ్ మళ్లీ కనిపించింది. కట్టడం, ఇసుక రెండూ కలిస్తేనే ఆ ఫలితం వచ్చింది. రావలసిన ఇసుక ఆగిపోయిన చోట కట్టడం ఒక్కటే పెడితే ఉన్న ఇసుకనే అటూ ఇటూ పంచుతుంది, కొత్త ఇసుకను పుట్టించదు.

చేపల విషయంలోనూ ఇంతే. పట్టుబడి తగ్గడానికి మితిమీరిన వేట కారణమా, పిల్ల చేపలు పెరిగే మడ అడవులు, సముద్రపు గడ్డి పోవడం కారణమా, నీటి కాలుష్యమా అన్నది ముందు తెలియాలి. పగడం విషయంలో వేడి వల్ల చనిపోయిందా, ఒడ్డు నుంచి వచ్చే బురద వల్లా, పేలుడు పదార్థాలతో వేటాడటం వల్లా, ముళ్ల కిరీటం నక్షత్ర చేపలు తినేయడం వల్లా అని అడగాలి. ఆ కారణం ఇంకా కొనసాగుతుంటే అక్కడ పగడాలు నాటే పని మొదలుపెట్టకండి.

గోడ కట్టాలా, ఇసుక పోయాలా

సముద్రపు గోడ, రాళ్ల కట్ట పూర్తయిన రోజు నుంచే పని చేస్తాయి. వెనక రోడ్డు, ఆసుపత్రి, ఇళ్ల వరుస ఉండి, వాటిని కదిలించే దారి లేకపోతే వీటిని కాదనలేం. కానీ గోడ కాపాడేది వెనకున్న నేలను. ముందున్న బీచ్‌ను కాదు. ఈ తేడా చాలామందికి ముందుగా ఎవరూ విడమరిచి చెప్పరు.

గోడ అడుగున ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. వాలుగా ఉన్న ఇసుక మీదికి వచ్చే అల పాకుతూ, శక్తి పోగొట్టుకుంటూ ఆగుతుంది. నిలువు గోడకు తగిలిన అల అంతే బలంగా వెనక్కి తిరుగుతుంది. తిరిగే నీరు గోడ పాదం దగ్గర ఇసుకను గోకి సముద్రంలోకి లాక్కుపోతుంది. కొన్నాళ్లకు గోడ ముందు నీరు లోతవుతుంది. లోతు పెరిగితే ఇంకా పెద్ద అల విరగకుండా గోడ దాకా వస్తుంది, అది ఇంకొంచెం గోకుతుంది. చివరికి పునాది కింద ఖాళీ ఏర్పడి రాళ్లు ముందుకు జారతాయి. గోడ రెండు కొసల దగ్గరా కోత పక్కవాళ్ల నేల వైపు మళ్లుతుంది. అందుకే గోడ ఎంచుకుంటే పాదం ఎంత లోతుకు వెళ్తోంది, కొసలు ఎక్కడ ముగుస్తున్నాయి, ఏటా మరమ్మతు ఎవరు చేయిస్తారు అన్నవి మొదటి ప్రశ్నలు కావాలి. ఎత్తు సంగతి తరవాత చూడొచ్చు.

తీరానికి అడ్డంగా సముద్రంలోకి వెళ్లే గోడలు, అంటే గ్రోయిన్‌లు, ఒక పక్క ఇసుకను పట్టుకుంటాయి. అంతే ఇసుకను రెండో పక్కకు దక్కకుండా చేస్తాయి. పక్క ఊరితో ఒప్పందం లేకుండా వీటిని ఎంచుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

నీటిలో మునిగి ఉండే బ్రేక్‌వాటర్లు (అలలను అడ్డుకునే కట్టలు) కంటికి కనిపించవు, బీచ్ అందం చెడదు. అందుకే వీటికి గిరాకీ ఎక్కువ. కానీ డిజైన్ కుదరకపోతే ఇవి ఎదురు తిరుగుతాయి. అమెరికాలోని పామ్ బీచ్‌లో 1990ల మొదట్లో ఇలాంటి దిమ్మెల వరుస దించారు. దిమ్మెల మీదుగా లోపలికి వచ్చిన నీరు తిరిగి బయటికి పోలేక తీరం వెంబడి ప్రవాహమై పరుగెత్తింది, పోతూ ఇసుకను కూడా పట్టుకుపోయింది. కోత తగ్గకపోగా పెరిగింది. 1995లో వాటిని తీసేశారు. మునిగే కట్టడం ఎంచుకునేటప్పుడు ఇంజనీర్‌ను అడగాల్సింది అల ఎంత తగ్గుతుందని మాత్రమే కాదు. లోపలికి వచ్చిన నీరు ఎటు పోతుందని కూడా అడగాలి. దీనికి లెక్క కట్టిన జవాబు లేకపోతే ఆ ప్రతిపాదన పక్కన పెట్టేయండి.

ఇసుక పోయడం వీటన్నిటి కంటే నిజాయితీ గల పద్ధతి అని నా అభిప్రాయం. ఇసుక తగ్గింది, కాబట్టి ఇసుక పోస్తున్నాం. 2011లో నెదర్లాండ్స్‌లో శాండ్ మోటార్ పేరుతో 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట ద్వీపకల్పంలా పోశారు. అలలు, గాలి, ప్రవాహాలే దాన్ని తీరం పొడవునా ఏళ్ల తరబడి పంచేలా ఆలోచన చేశారు. ఏటా కొంచెం కొంచెం పోస్తూ నేల అడుగు జీవులను పదేపదే పూడ్చిపెట్టడం కంటే ఇది నయం. ఈ పద్ధతికి ఉన్న చిక్కు రెండు చోట్ల. ఇసుక రేణువు సైజు మీ బీచ్‌కు సరిపోవాలి, మరీ సన్నదైతే నిలవదు. ఇసుక తవ్వే చోట సముద్రపు గడ్డి గానీ, చేపలు గుడ్లు పెట్టే నేల గానీ ఉండకూడదు. దగ్గరలో పగడాలు ఉంటే ఇసుక పోసేటప్పుడు లేచే బురద మబ్బు వాటి మీద వాలుతుంది. అలాంటి చోట నేను ఇసుక పోయమని చెప్పను.

మడ చెట్లు, ఆలిచిప్పలు

మడ అడవిని గోడకు ప్రత్యామ్నాయంగా చూపించేటప్పుడు రెండు విషయాలు కలిపేస్తుంటారు. అలలు వేరు, తుపాను ఉప్పెన వేరు. 100 మీటర్ల వెడల్పున్న మడ అడవి అలల ఎత్తును 13 నుంచి 66% దాకా తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఉప్పెన నీటి మట్టం తగ్గడానికి మాత్రం కిలోమీటర్ల వెడల్పు కావాలి. కిలోమీటరుకు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. నాలుగు వరసల మొక్కలు నాటి ఉప్పెన ఆగుతుందని ఎవరికైనా మాట ఇస్తే వాళ్ల ప్రాణాల మీదికి తెస్తున్నట్టే. మడ అడవి ఉన్నా ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టర్, వెనక మట్టికట్ట అవసరమే.

నాటడంలో జరిగే తప్పు కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లో ఎన్నో ఏళ్లపాటు నాటిన మడ మొక్కల్లో దీర్ఘకాలంలో బతికినవి 10 నుంచి 20% మాత్రమే అని 2008లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. మడ చెట్లు ఉండే నేల చేపల చెరువులుగా మారిపోయింది. చేతికి ఖాళీగా దొరికిన బురద మైదానాల్లో, సముద్రపు గడ్డి ఉన్న చోట్ల నాటారు. అక్కడ నేల మట్టం తక్కువ, నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, మొక్క ఊపిరాడక చస్తుంది. మడ చెట్లు సగటు సముద్ర మట్టానికి పైనే పెరుగుతాయి, రోజులో ఎక్కువ భాగం వాటి వేళ్లు గాలికి తెరుచుకుని ఉండాలి. కాబట్టి మొక్కలు నాటడం కంటే నీటి దారులు సరిచేయడం ముఖ్యం. పాడుబడిన చెరువు గట్టు తెంచి ఆటుపోట్లను లోపలికి రానిస్తే, దగ్గర్లో తల్లి చెట్లు ఉన్నచోట విత్తనాలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి.

నేల ఇంకా కుంగుతున్న చోట గానీ, సముద్ర మట్టం ఏటా 6, 7 మిల్లీమీటర్లకు మించి పెరిగే చోట గానీ మడ అడవి వెనక్కి జరగాల్సి వస్తుంది. వెనక గోడో రోడ్డో అడ్డుంటే జరగలేదు. వెనక ఖాళీ ఉందా లేదా అన్నది మ్యాప్ మీదే చూసుకోవచ్చు.

ఆలిచిప్పల దిబ్బలు పెద్ద అలలు లేని అఖాతాలకూ నదీ ముఖాలకూ తగినవి. అవి తమంతట తామే పెరుగుతాయి, నీటిని వడపోస్తాయి, వెనకున్న ఉప్పునీటి గడ్డి నేలను కాపాడతాయి. 2011లో ఐరీన్ హరికేన్ వచ్చినప్పుడు అమెరికాలోని నార్త్ కరోలినాలో పరిశీలించిన నిలువు గోడల్లో 76% దెబ్బతిన్నాయి. గడ్డి నేలలతో ఉన్న సహజ తీరాలు మాత్రం నిలబడ్డాయి. బయటి సముద్రం నేరుగా కొట్టే తీరానికి ఈ ఫలితాన్ని అన్వయించకూడదు.

చేపల కోసమైతే

ఇక్కడ మూడు దారులు: వేట నిషిద్ధ ప్రాంతం పెట్టడం, కృత్రిమ దిబ్బలు దించడం, చేప పిల్లలను పెంచి సముద్రంలో వదలడం. నా వరుస కూడా ఇదే.

కృత్రిమ దిబ్బ దించిన కొద్ది వారాలకే చేపలు గుంపుగా కనిపిస్తాయి. ఫొటోలు బాగా వస్తాయి. అవి అక్కడ పుట్టినవా, చుట్టుపక్కల నుంచి వచ్చి చేరినవా అన్నది అసలు ప్రశ్న. చెల్లాచెదురుగా ఉన్న చేపలను ఒకచోటికి చేర్చి, అక్కడే వల వేయనిస్తే, మిగిలిన కాస్త చేపా త్వరగా అయిపోతుంది. రాతి నేల కరువైన చోట, దాక్కునే చోటు లేక పిల్ల చేపలు చచ్చిపోతున్న చోట దిబ్బ నిజంగానే కొత్త చేపను ఇస్తుంది. ట్రాల్ వలలు అడుగును ఊడ్చేసే చోట బరువైన దిమ్మెలు వలలకు అడ్డుపడి నేలను కాపాడతాయి, అదీ మేలే. కానీ దిబ్బ చుట్టూ వేటకు హద్దు పెట్టలేకపోతే దాన్ని దించకపోవడమే మంచిది.

ఏ వస్తువుతో కట్టారన్నదీ చూడాలి. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర 1972లో సుమారు 20 లక్షల పాత టైర్లను కట్టలు కట్టి దించారు. పేరు ఆస్బోర్న్ రీఫ్. కట్లు తెగాయి, టైర్లు తుపానుల్లో దొర్లుతూ పక్కనున్న సహజ దిబ్బను రాసుకుపోయాయి, వాటి మీద పగడం నిలవలేదు. వాటిని పైకి తీసే పని దశాబ్దాల తరవాత మొదలై ఏళ్ల తరబడి సాగింది. పనికిరాని వస్తువును వదిలించుకోవడానికి దిబ్బ అనే పేరు పెట్టడం ఇప్పటికీ జరుగుతోంది. అల తాకిడికి కదలని బరువు, విషం వదలని పదార్థం, చేప దూరి బయటికి రాగలిగే బొరియలు ఉన్నాయో లేదో చూసి ఒప్పుకోండి.

నిషిద్ధ ప్రాంతం చూడటానికి ఏమీ కట్టనట్టే ఉంటుంది. అందుకే దానికి ప్రారంభోత్సవాలు తక్కువ. ఫలితం మాత్రం గట్టిది. మెక్సికోలోని కాబో పుల్మోలో స్థానికులే పట్టుబట్టి వేట ఆపించారు. 1999 నుంచి 2009 మధ్య అక్కడ చేపల మొత్తం బరువు 463% పెరిగింది. ఫిలిప్పీన్స్‌లోని సుమిలాన్ దీవి దీనికి అటువైపు సాక్ష్యం. 1974 నుంచి కాపాడిన దిబ్బను పదేళ్ల తరవాత వేటకు వదిలేశారు. వేటాడే చోటు పెరిగినా దీవి చుట్టూ మొత్తం పట్టుబడి దాదాపు సగానికి పడిపోయింది. నిషిద్ధ ప్రాంతంలో పెరిగిన చేప హద్దు దాటి బయటికి వస్తోందని జాలర్లకు అప్పుడు లెక్కతో సహా తెలిసింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 30 కిలోల ఆడ కాడ్ చేప ఒక్కటి పెట్టే గుడ్లు, 2 కిలోల ఆడ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ. ఆ 28 చేపల బరువు కలిపితే 56 కిలోలు. పెద్ద తల్లి చేపను బతకనివ్వడం అంత లాభం. వల కన్ను సైజు పెంచితే పిల్ల చేప తప్పించుకుంటుంది, పెద్ద తల్లి చేపకు మాత్రం వల లేని చోటే దిక్కు.

అయితే దూరాలు తిరిగే చేపలకు చిన్న నిషిద్ధ ప్రాంతం పెద్దగా ఉపయోగపడదు. ఆ ఏడాది తిండి గింజలకు కూడా సముద్రం మీదే ఆధారపడ్డ కుటుంబాలకు మొదటి కొన్నేళ్లు నష్టమే. ఆ కాలానికి ప్రత్యామ్నాయ ఆదాయం చూపించకుండా హద్దు గీస్తే ఆ హద్దు కాగితం మీదే ఉంటుంది. ఎక్కడ గీయాలో జాలర్లనే అడగాలి. చేపలు గుడ్లు పెట్టడానికి ఎక్కడ గుమిగూడతాయో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చేప పిల్లలను వదలడం చాలామందికి నచ్చుతుంది, కానీ దాని చరిత్ర హెచ్చరికతో నిండి ఉంది. నార్వేలో 1880ల నుంచి 1971 దాకా కాడ్ లార్వాలను (గుడ్డు నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలను) వదులుతూనే ఉన్నారు. చేపల సంఖ్య పెరిగిందని చూపించే ఫలితం దొరకలేదు. జపాన్‌లోని హొక్కైడోలో స్కాలప్ చిప్పలతో మాత్రం బాగా విజయం సాధించారు. అక్కడ సహజంగా పుట్టిన పిల్లలను సేకరించి కాస్త పెంచి, నక్షత్ర చేపలను తొలగించిన అడుగు మీద వదిలి, ఏడాదికో చోట వంతులవారీగా తీస్తారు. అడుగున కదలకుండా ఉండే చిప్పలకు పనికొచ్చింది ఈదిపోయే చేపకు పనికొస్తుందని అనుకోకూడదు.

పగడాలు పెంచే పద్ధతుల్లో తేడా

ఈ విభాగం పెద్దదిగా ఉంటుంది. ఆశ ఎక్కువ, నిరాశా ఎక్కువ ఉన్నది ఇక్కడే.

మొదటిది, చవకైనది, ముక్కలు పెంచడం. కొమ్మల్లా పెరిగే పగడం నుంచి వేలంత ముక్కలు తీసి, నీటి మధ్యలో తాళ్లకో, ప్లాస్టిక్ పైపులతో చేసిన చెట్లకో వేలాడదీస్తారు. నేల మీద బురద, నత్తలు అందవు కాబట్టి నర్సరీలో త్వరగా పెరుగుతాయి. పని అంతా శుభ్రం చేయడంలోనే ఉంది. డైవర్ చిన్న బ్రష్‌తో తాడు మీద మొలిచిన నాచును, స్పాంజిని గీకుతూ పోవాలి, ముక్క మీద మెత్తని కణజాలానికి బ్రష్ తగలకుండా చూసుకోవాలి. కొన్ని నెలలు శుభ్రం మానేస్తే నాచు బరువుకే తాడు కిందికి వేలాడుతుంది. పెరిగిన ముక్కను దిబ్బ మీద పెట్టేముందు ఆ చోటును వైర్ బ్రష్‌తో రాయి తెల్లగా కనిపించేదాకా గీకి, సిమెంటు గానీ ఎపాక్సీ జిగురు గానీ పెట్టి నొక్కుతారు. వేలితో కదిపితే కదలకూడదు. కొన్ని వారాలకు ముక్క అడుగు నుంచి సన్నని చర్మం రాయి మీదికి పాకడం మొదలవుతుంది. అది కనిపిస్తే ముక్క నిలబడినట్టు. ఊగే ముక్కకు ఆ చర్మం ఎప్పటికీ రాదు.

ఈ పద్ధతిలో ప్రమాదం ఏమిటంటే, ఒకే తల్లి నుంచి తీసిన ముక్కలన్నీ జన్యుపరంగా ఒక్కటే. ఒక జబ్బు గానీ ఒక వేడి కాలం గానీ వస్తే అన్నీ కలిసే పోతాయి. ముక్కలు ఎన్ని వేర్వేరు తల్లుల నుంచి తీశారని నర్సరీ వాళ్లను అడగండి. రికార్డు లేదంటే ఆ నర్సరీని నమ్మకండి.

రెండోది సూక్ష్మ ముక్కల పద్ధతి. బండల్లా నెమ్మదిగా పెరిగే పగడాలను సెంటీమీటరు సైజు ముక్కలుగా కోస్తే, గాయం మానే క్రమంలో అవి మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా పరుచుకుంటాయి. పక్కపక్కన పెట్టిన ఒకే తల్లి ముక్కలు కలిసిపోయి ఒకే పగడం అవుతాయి. ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో డేవిడ్ వాన్ దీన్ని అభివృద్ధి చేశారు. ఇలా నాటిన బండ పగడాలు ఐదేళ్లకే, 2020లో, గుడ్లు విడిచాయి. అలలను తట్టుకునే బలం బండ పగడాలకే ఎక్కువ. కాబట్టి మీ లక్ష్యం దిబ్బ నిర్మాణమైతే ఇది చూడదగ్గది. ఒడ్డు మీద ట్యాంకులు, కరెంటు, శిక్షణ ఉన్న మనుషులు కావాలి.

మూడోది లార్వాల పద్ధతి. చాలా పగడాలు ఏడాదికి కొన్ని రాత్రులే, పౌర్ణమి తరవాతి రోజుల్లో, గుడ్లూ వీర్యమూ కలిపిన చిన్న గులాబీ రంగు ముద్దలు విడుస్తాయి. వాటిని నీటి మీద నుంచి సేకరించి, తేలే తొట్లలో లార్వాలుగా పెంచి దెబ్బతిన్న దిబ్బ మీద వదులుతారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పీటర్ హారిసన్ బృందం ఫిలిప్పీన్స్‌లో 2013లో ఇలా వదిలిన లార్వాలు మూడేళ్లకే గుడ్లు విడిచే పగడాలయ్యాయి. జన్యు వైవిధ్యం ఇక్కడ పుష్కలం. లక్షల లార్వాల్లో నిలిచేవి చాలా కొద్ది. ఆ రాత్రులు తప్పితే ఏడాది ఆగాలి.

నాలుగోది, పేలుళ్ల వేటతో దిబ్బ పిప్పి అయిపోయి కదిలే ముక్కల గుట్టగా మారిన చోటుకు ప్రత్యేకం. అక్కడ సమస్య పగడం లేకపోవడం కాదు, నేల కదులుతూ ఉండటం. ఇండోనేషియాలోని సులవేసిలో ఇసుక పూసిన ఆరు మూలల ఉక్కు చట్రాలను ఒకదానికొకటి కట్టి, పిప్పి మీద వలలా పరిచి, వాటికి పగడం ముక్కలు కట్టారు. నాలుగేళ్లలో ఆ దిబ్బలు సున్నం పోగుచేసే వేగం పక్కనున్న ఆరోగ్యకరమైన దిబ్బలతో సమానమైందని 2024లో ఒక అధ్యయనం ప్రకటించింది. కొమ్మల రకాలే ఎక్కువగా పెరిగాయని, బండ రకాలు తక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

ఉక్కు చట్రంలో తక్కువ వోల్టేజీ కరెంటు పంపి దాని మీద సున్నపు పొర పేరుకునేలా చేసే పద్ధతి కూడా ఉంది. బాలీలోని పెముటెరాన్‌లో 2000 నుంచి నడుస్తోంది. కరెంటు ఆగకుండా చూసుకునే మనుషులు పక్కనే ఉంటే సరే. తుపానుకు కేబుల్ తెగే తీరంలో దీన్ని ఎంచుకోను.

ఇవన్నీ చెప్పాక వేడి గురించి మాట్లాడకపోతే మోసం చేసినట్టే. వేసవిలో అత్యంత వేడి నెల సగటు కంటే నీరు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడం తనకు తిండి పెట్టే లోపలి ఆల్గేను (సూక్ష్మమైన నాచును) వదిలేసి తెల్లబడుతుంది, దీన్నే బ్లీచింగ్ అంటారు. 2023 జూలైలో ఫ్లోరిడాలోని మానటీ బే దగ్గర ఒక పరికరం 38.4 డిగ్రీలు నమోదు చేసింది. ఏళ్ల తరబడి పెంచిన నర్సరీ పగడాలను హడావుడిగా ఒడ్డు మీది ట్యాంకులకు తరలించాల్సి వచ్చింది. దిబ్బల మీద నాటిన కొమ్మ పగడాలు ఫ్లోరిడా కీస్‌లో దాదాపు మొత్తం చనిపోయాయి. 2023లో మొదలైన నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ కాలంలో ప్రపంచంలోని దిబ్బల విస్తీర్ణంలో 84% బ్లీచింగ్ స్థాయి వేడిని చవిచూసింది.

అందుకని పగడం నాటే చోటును ఎంచుకునేటప్పుడు అందంగా ఉండే చోటు కాక, గత వేసవుల్లో పక్క దిబ్బలు తెల్లబడినా తెల్లబడని చోటు వెతకండి. లోతు నుంచి చల్లని నీరు పైకి వచ్చే చోట్లు, కాస్త నీడ పడే చోట్లు ఉంటాయి. తల్లి ముక్కలను కూడా ఆ వేడిని తట్టుకుని మిగిలిన పగడాల నుంచే తీయాలి. చిలక చేపల వంటి నాచు మేసే చేపలు లేని దిబ్బ మీద ఏ పద్ధతిలో నాటినా నాచు కమ్మేస్తుంది. కరీబియన్‌లో 1983, 84ల్లో నాచు తినే ముళ్ల అర్చిన్‌లు జబ్బుతో చనిపోయాక దిబ్బలు నాచుకు వశమైపోయాయి. అందువల్ల పగడాల నర్సరీకి, చేపల నిషిద్ధ ప్రాంతానికి మధ్య పోటీ పెట్టాల్సి వస్తే మొదటి డబ్బు నిషిద్ధ ప్రాంతానికే ఇస్తాను. ఆ తరవాతే నర్సరీ.

తీర రక్షణ కోసం పగడాలు పెంచుదాం అంటే నా జవాబు కాదనే. 2020 నాటి ఒక ప్రపంచ సమీక్షలో పునరుద్ధరించిన చోట్ల మధ్యస్థ విస్తీర్ణం 100 చదరపు మీటర్లు మాత్రమే, అంటే సగం చోట్లు అంతకు మించవు. ఒక తీరం ముందు అలను విరగ్గొట్టాలంటే కిలోమీటర్ల దిబ్బ కావాలి. ఉన్న దిబ్బను తవ్వకుండా, పూడ్చకుండా కాపాడుకోవడం మాత్రం అన్ని పద్ధతుల్లోకీ చవకైన తీర రక్షణ. మాల్దీవుల రాజధాని మాలేలో పగడపు రాయిని ఇళ్లకు తవ్వారు, దిబ్బ పైభాగాన్ని పూడ్చి నేలగా మార్చారు. 1987లో పెద్ద అలలు ఊరిని ముంచాయి. ఆ తరవాత దీవి చుట్టూ నాలుగు కాళ్ల కాంక్రీట్ దిమ్మెల గోడ కట్టక తప్పలేదు.

మీ చోటుకు ఏది

వెనక కదిలించలేని ఆస్తులు, ఇప్పుడే ప్రమాదం ఉంటే రాళ్ల కట్ట, దానితో పాటు ఇసుక. ఇసుక రవాణా ఆగిపోయి కోత పడుతుంటే ఆగిన పక్క నుంచి రెండో పక్కకు ఇసుక తరలించడం, అవసరమైతే మునిగే కట్టడం. బురద తీరం, వెనక ఖాళీ నేల ఉంటే నీటి దారులు సరిచేసి మడ అడవిని రానివ్వడం. చేప తగ్గితే ముందు హద్దు, తరవాత దిమ్మె. పగడం దెబ్బతింటే కారణం ఆగాక, చల్లని చోట, చాలా మంది తల్లుల ముక్కలతో.

కలిపి చేసే పనుల్లో నాకు నమ్మకం ఉన్నది ఒకటి. అలను ఆపే కట్టడాన్ని పూర్తిగా అల కోసమే డిజైన్ చేసి, అది ఖరారయ్యాక దాని లోపలి వైపు, అల తగలని భాగంలో బొరియలు, గరుకు ఉపరితలం చేర్చడం. దానికయ్యే అదనపు ఖర్చు తక్కువ, అల లెక్క చెడదు. ఆ బొరియల్లోకి ఏ చేప వచ్చినా మేలే.

సంతకం పెట్టేముందు కాంట్రాక్టులో ఒక షరతు రాయించండి. పగడాల పునరుద్ధరణ ప్రాజెక్టుల్లో 60% పద్దెనిమిది నెలల కంటే తక్కువ కాలమే పరిశీలించి వదిలేశాయని అదే 2020 సమీక్ష చెప్పింది. ముక్క బతికిందో లేదో తేలాలంటే కనీసం రెండు వేసవులు దాటాలి, బీచ్ నిలిచిందో లేదో తేలాలంటే ఐదారు తుపాను కాలాలు చూడాలి. పని మొదలుకాకముందే ఒక ఏడాది కొలతలు తీయించండి: బీచ్ వెడల్పు, చేపల సంఖ్యా సైజూ, పగడం పరుచుకున్న శాతం. అవే కొలతలు ఏ పనీ చేయని పక్క తీరంలో కూడా తీయించాలి. ఆ రెండో చోటు లేకపోతే, ఆ ఏడాది తుపానులు తక్కువ రావడం వల్ల నిలిచిన ఇసుక కూడా కట్టడం ఖాతాలోనే పడుతుంది.